మీరెవర్నీ రావద్దనలేదు, నిజమే

బాపట్ల ఆంధ్ర అగ్రికల్చరల్ యూనియన్ కార్యవర్గానికి, వ్యవసాయ, కీటక, వృక్షశాస్త్ర సంఘాలు నడిపే పెద్దలందరికీ,



నేను బాపట్లలో బీయస్సీ అగ్రికల్చర్ చదివి, ఇప్పుడు ప్రత్తిపాడు పక్కన మిర్చీ, పత్తీ సాగు చేసుకుంటున్న మనిషిని. శాస్త్ర సంఘాల్లో అందరికీ చోటుండాలన్న మాట ఈమధ్య బాగా వినపడుతోంది. సావనీర్లలో రాస్తున్నారు, ప్రారంభోపన్యాసాల్లో చెబుతున్నారు, మహిళా దినోత్సవం నాడు కేకు కోస్తూ కూడా అంటున్నారు. మాట మంచిదే. అయితే ఎవరైనా కాస్త నిలదీస్తే మీ బోటి పెద్దల నుంచి వచ్చే జవాబు ఒకటుంది: "మేమెవర్నీ రావద్దనలేదే! ఫారం నింపి రుసుం కడితే ఎవరైనా సభ్యులే." ఈ ఉత్తరం ఆ జవాబు గురించే.

పూర్వం రావద్దని మొహం మీదే చెప్పేవాళ్లు. 1902లో లండన్ రాయల్ సొసైటీ ముందుకు హెర్తా ఆయర్టన్ పేరు వచ్చింది. విద్యుత్ ఆర్క్ మీద ఆమె చేసిన పనికి అప్పటికే పేరుంది. కానీ పెళ్లయిన స్త్రీకి చట్టం దృష్టిలో విడిగా ఉనికి లేదు కనక చేర్చుకోవడం కుదరదన్నారు. తమాషా ఏమిటంటే, రెండేళ్ల తర్వాత అదే సొసైటీలో ఆవిడే నిలబడి ఇసుకలో అలల చారలు ఎలా ఏర్పడతాయో పత్రం చదివింది. పత్రం చదవడానికి పనికొచ్చిన మనిషి సభ్యత్వానికి పనికిరాలేదు. 1911 జనవరిలో పారిస్ అకాడమీ మేరీ క్యూరీని ఒకటి రెండు ఓట్ల తేడాతో కాదంది. ఆ ఏడాదే ఆమెకు రెండో నోబెల్ వచ్చింది.

మన దేశం సంగతి మరీ అంత సూటిగా లేదు. 1933లో బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో కమలా సోహోనీకి సీటివ్వడానికి సి.వి. రామన్ ఒప్పుకోలేదు. ఆమె పట్టుబడితే షరతులు పెట్టి చేర్చుకున్నారు. అదే రామన్ 1934లో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో మరుసటి ఏడాదే జానకి అమ్మాళ్ ఫెలో అయింది. చెరుకు కణాల్లో క్రోమోజోములు లెక్కపెట్టిన మనిషి, మన వ్యవసాయం వాళ్ల మనిషి. తలుపు తీయడం పెద్ద కష్టమేం కాదని అప్పుడే తేలింది. కానీ సైన్స్ కాంగ్రెస్ 1914లో పుడితే, దానికి మొదటి మహిళా అధ్యక్షురాలు అసీమా ఛటర్జీ వచ్చింది 1975లో. ఇప్పుడు ఇన్సాగా పిలుస్తున్న జాతీయ సైన్స్ అకాడమీ 1935లో పుడితే, చంద్రిమా షాహా తొలి మహిళా అధ్యక్షురాలైంది 2020లో. ఎనభై అయిదేళ్లు. ఆ ఎనభై అయిదేళ్లలో ఏ నిబంధనా ఆడవాళ్లు అధ్యక్షులు కాకూడదని చెప్పలేదు.

పెళ్లికి బొట్టు పెట్టి పిలిస్తే తప్ప గడప దాటని ఊళ్లు మనవి. "రావద్దన్నామా" అంటే మన దగ్గర పిలవలేదనే అర్థం. ఇది మీకు నేను చెప్పాలా?

పిలవకపోవడం వల్ల పోయేది పిలుపు అందని వాళ్లకే అనుకుంటారేమో. ముందు ఆ లెక్క తేల్చుకుందాం. పోయింది మనకి, అంటే శాస్త్రానికి.

1987-88లో గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మీద పత్తి ఎలా పోయిందో మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. శనగపచ్చ పురుగు విరుచుకుపడింది. సింథటిక్ పైరెత్రాయిడ్లు మార్చి మార్చి కొట్టినా చావలేదు. అప్పులు పేరుకుని ప్రకాశంలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగు మందుకు లొంగకుండా తయారైందని పరీక్షలు చేసి, గ్రాఫులు గీసి, పత్రికల్లో అచ్చు వేయడానికి ఆ తర్వాత మరింత కాలం పట్టింది. నిరూపణకు టైము పడుతుంది, కాదనను. కానీ భుజాన స్ప్రేయరు మోసి, మర్నాడు పొద్దున్నే వెళ్లి చూసుకున్న కూలీకి ఆ సంగతి మొదటి వారంలోనే తెలుసు. అతని మాట చేరే దారి ఒకటి ఉండి ఉంటే పరీక్ష ముందే మొదలయ్యేది కాదా?

అది పాత కథ అనుకుంటే కొత్తది ఉంది. 2021-22 మిర్చి. నల్ల తామర పురుగు, మీ భాషలో త్రిప్స్ పార్విస్పైనస్. 2015లో బెంగుళూరు బొప్పాయి మీద మన దేశంలో మొదట కనపడింది. 2021 మొదట్లో చిలకలూరిపేట, యడ్లపాడు వైపు మిర్చిలో దొరికింది. ఆ ఏడు చివరికల్లా తోటలకు తోటలు పీకేశారు. మనకు అలవాటైన తామర పురుగు ఆకు మీద ఉంటుంది, ఆకు పడవలా పైకి ముడుచుకుంటుంది, పై ముడత అంటాం. నల్లికైతే కింది ముడత. రైతు ఎప్పుడూ ఆకు చూసే మందు కొడతాడు. కొత్త పురుగు పువ్వులో కాపురం పెట్టింది. పువ్వు విప్పి వేలి గోటి మీద తట్టితే నల్లగా, నూగుగింజలో సగం కూడా లేని ప్రాణులు పరుగెత్తుతాయి. పువ్వు రాలిపోతుంది, కాయ నిలవదు, పైన ఆకు మాత్రం మొదట్లో బాగానే కనపడుతుంది.

మిర్చి తోటలో రోజంతా పువ్వు ఎత్తున కళ్లు పెట్టి పనిచేసేది ఎవరు? కలుపు తీసే ఆడకూలీలు. నడుం వంచి, చెట్టు చెట్టుకీ కొమ్మ పక్కకు తీసి. పూత రాలడం వాళ్ల చీరె కుచ్చిళ్ల మీదే కనపడుతుంది. మా చేలో అయితే మందు షాపు ఆయన చెప్పకముందే, సర్వేకి వచ్చిన వాళ్లు చెప్పకముందే, "పూలలో ఏదో తిరుగుతోందమ్మా" అన్నది ఒక కలుపు కూలీ. ఆ మాట ఎక్కడ చెప్పాలో ఆవిడకు తెలియదు. నిజం చెప్పాలంటే, వ్యవసాయ డిగ్రీ చదివిన నాకూ తెలియదు. శాస్త్ర సంఘం అంటే పురుగును ముందుగా చూసిన మనిషికీ, దాని పేరు తెలిసిన మనిషికీ మధ్య ఉండాల్సిన చోటు అని నేననుకుంటాను. సదస్సుకు పత్రాలు ఎంచే కమిటీ కాదు.

పత్రాలంటే వాటి వెనకున్న చేతుల సంగతి గుర్తొచ్చింది. గుంటూరు పక్కన వందేళ్లు దాటిన లాం పరిశోధనా ఫారం నుంచి వచ్చిన భాగ్యలక్ష్మి, ఆంధ్రజ్యోతి, ఎల్‌సీఏ 334 లాంటి మిరప రకాలు రాష్ట్రం దాటి వెళ్లాయి. అది మనందరి గర్వం. ఒక్క రకం బయటికి రావాలంటే ఎన్ని వేల మొక్కలకు నంబరు చీటీ కట్టాలో, ఎన్ని కాయలు విడివిడిగా ఎండబెట్టి గింజ తీయాలో మీకు తెలుసు. హైబ్రిడ్ పత్తి విత్తనమైతే మరీ నాజూకు పని. సాయంత్రం మొగ్గలో పుప్పొడి తిత్తులు గోటితో ఒలిచేసి గుర్తు పెట్టాలి, మర్నాడు పొద్దున్న ఎండెక్కకముందే మగ పువ్వు తెచ్చి కీలాగ్రం మీద రుద్దాలి. ఒక్క తిత్తి మిగిలినా ఆ కాయ పనికిరాదు. ఈ పనితనం ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఇక 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో చేరిన వ్యవసాయ సహాయకులున్నారు. డిప్లొమాలు, డిగ్రీలు ఉన్న పిల్లలు. ఊళ్లో ఏ చేలో ఏ పంటుందో నమోదు చేసేది వాళ్లే.

ఇంతమంది చేతుల మీదుగా వచ్చిన లెక్కలు చివరికి పత్రమైనప్పుడు వాళ్లకు దొరికేది ఏమిటి? "క్షేత్ర సిబ్బందికి కృతజ్ఞతలు" అన్న ఒక్క వాక్యం, అదీ ఎడిటర్ చోటు చాలదని తీసేయకపోతే. అందరినీ రచయితలను చేయమని నేననడం లేదు. ప్రయోగం రూపకల్పనకీ, చీటీ కట్టడానికీ తేడా నాకు తెలుసు. కానీ ముప్ఫై ఏళ్లుగా తెగులు తీవ్రతకు స్కోరు వేస్తున్న ఫీల్డ్ అసిస్టెంటు, కొత్తగా వచ్చిన పీజీ విద్యార్థికి స్కోరు వేయడం నేర్పే మనిషి, ఏ నిర్వచనం ప్రకారం ఈ శాస్త్రంలో బయటివాడవుతాడు? 1954 నుంచి ఆంధ్ర అగ్రికల్చరల్ జర్నల్ నడుపుతున్న సంఘం మీది. ఎవరు ఏ పని చేశారో పత్రం చివర పేర్లతో చెప్పాలన్న నియమం పెట్టడానికి మీకు ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

యానాదుల సంగతి చెప్పకుండా ఉండలేను. నెల్లూరు నుంచి గుంటూరు దాకా పొలాల్లో ఎలుకలు పట్టడానికి మనం పిలిచేది వాళ్లనే. గట్టు మీద పది కన్నాలుంటే, నోటి దగ్గర కొత్తగా మట్టి పోసి ఉన్నది ఏదో చూసి, అందులోనే ఎలుకుందని చెబుతారు. మిగతా కన్నాలు మూసి, కుండలో గడ్డి రాజేసి పొగ ఊదుతారు. ఎటు నుంచి బయటికి వస్తుందో ముందే తెలుసు కనక చెయ్యి అక్కడే ఉంటుంది. ఎర పెట్టే మందుల మీద ఎంత పరిశోధన జరిగిందో అందరికీ తెలుసు. ఈ నైపుణ్యాన్ని ఎవరు రాసిపెట్టారు, రాసిన చోట ఎవరి పేరుతో రాశారు?

పక్క రాష్ట్రంలో ఇరుళర్లు ఉన్నారు. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో 1978లో చెన్నై దగ్గర పాములు పట్టే ఇరుళర్ల సహకార సంఘం మొదలైంది. పాము కాటు మందుకు కావలసిన విషం ఆ సంఘం నుంచి వెళ్తుంది. వాళ్లలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరిని 2017లో ఫ్లారిడాకు పిలిపించారు. అక్కడ అడవుల్లో పెరిగిపోయిన కొండచిలువలను పట్టడంలో అమెరికన్ శాస్త్రజ్ఞులకు వీళ్లు సాయం చేశారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. తమిళనాట కుదిరిన పని మన ఎలుకల దగ్గర ఎందుకు కుదరలేదో ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు కులం గురించి. గుంటూరు, ప్రకాశంలో పొలం ఎవరి పేరన ఉంటుందో, అందులో చేతులు ఎవరివి ఉంటాయో విడమరిచి చెప్పక్కర్లేదు. యూనివర్సిటీ సీట్లలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది కనక ఆ చేతుల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఇవాళ పీహెచ్‌డీలు చేస్తున్నారు, పాఠాలు చెబుతున్నారు. శాస్త్ర సంఘానికి ఆ నియమం లేదు. రిజిస్టర్ చేసుకున్న సొసైటీ, తన కార్యవర్గాన్ని తానే ఎన్నుకుంటుంది, తన అవార్డులు తానే ఇచ్చుకుంటుంది. పాత అలవాటు ఎక్కడైనా తలదాచుకోగలిగితే ఇలాంటి చోటే. చాలా అకాడమీల్లో ఫెలో కావాలంటే ఇప్పటికే ఫెలో అయిన వాళ్లు పేరు ప్రతిపాదించాలి. ప్రతిపాదించేవాళ్లు తమకు తెలిసిన పేరే ప్రతిపాదిస్తారు. అందులో దురుద్దేశం ఉండనక్కర్లేదు. తన గైడ్ దగ్గర చదివిన తమ్ముడో, తన ఊరివాడో ముందు గుర్తొస్తాడు. ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివిన అమ్మాయికి అలా గుర్తుచేసుకునే బంధువర్గం ఉండదు. అందుకని అడుగుతున్నాను: ఎవరి పేరు వాళ్లే పంపుకునే వీలు పెట్టండి. పైగా ప్రతి ఏడూ ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎవరికి దక్కాయి, వారిలో ఆడవాళ్లు ఎందరు, ఎస్సీ ఎస్టీలు ఎందరు, కృషి విజ్ఞాన కేంద్రాల వాళ్లు ఎందరు అన్న లెక్క అచ్చు వేయండి. లెక్కలంటే శాస్త్రజ్ఞులకు భయం ఉండకూడదు కదా.

పనిచేసే చేతుల మాట వినడం ఎక్కడో విదేశంలో నేర్చుకోవక్కర్లేదు. తెనాలి పక్క యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ మనవాడు. రైతు కుటుంబంలో పుట్టి, తోళ్ల పని అంటే ముక్కు మూసుకునే సమాజంలో తోలు శాస్త్రం చదివి, మద్రాసు సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ను నడిపాడు. తర్వాత సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యాడు. ఆయన పెట్టిన ఒక ఆనవాయితీ ఈ ఉత్తరానికి కావాల్సింది. ఏటా శాస్త్రజ్ఞులూ, తోళ్ల పరిశ్రమ వాళ్లూ ఒకచోట కూర్చునే సమావేశం, లెరిగ్ అంటారు. తోలు ఊనేవాడు తన ఇబ్బంది చెబితే, అది పరిశోధన ప్రశ్న అయ్యేది. మిర్చికి అలాంటి సమావేశం ఏదీ? శాస్త్రజ్ఞుడు రైతుకు చెప్పే కిసాన్ మేళాలున్నాయి, నాకు తెలుసు, వెళ్తూనే ఉంటాను. రైతు శాస్త్రజ్ఞుడికి చెప్పే రోజు గురించి అడుగుతున్నాను.

మేళా అంటే ఇంకో విచిత్రం. లాంలో స్టాలు దగ్గర నిలబడి మా శాస్త్రజ్ఞులు మాట్లాడే తెలుగు వింటే ముచ్చటేస్తుంది. బొబ్బర తెగులు, గుడ్డిపూలు, పూత నిలవడం, అన్నీ చేను భాషలో. అదే మనిషి మర్నాడు సంఘం సదస్సులో పక్కూరి మనిషికి కూడా ఇంగ్లీషులోనే జవాబిస్తాడు. ఇంగ్లీషు మానేయమనను. ప్రపంచానికి తెలియాలంటే అది ఉండాల్సిందే. జర్నల్లో ప్రతి పత్రానికీ ఒక పేజీ తెలుగు సారాంశం పెట్టండి, సదస్సులో ఒక పూట తెలుగులో నడపండి. ప్రశ్న అడగడానికి సిగ్గుపడి కూర్చున్న పీజీ పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆ పూట తెలుస్తుంది.

సదస్సులు జరిగే తీరు గురించి ఎక్కువ రాయను. ఒక సంఘం వార్షిక సదస్సుకు నేను వెళ్లాను, పేరెందుకు. గుమ్మం దగ్గర పట్టుచీరెల్లో పన్నీరు చల్లి, రోజా పువ్వు ఇచ్చిన అమ్మాయిలందరూ పరిశోధక విద్యార్థినులే. వాళ్ల పోస్టర్లు వరండాలో ఉన్నాయి. వేదిక మీద జ్యోతి వెలిగించిన వాళ్లందరూ మగవాళ్లే. భోజనాల హాలు మేడ మీద, లిఫ్టు లేదు. చక్రాల కుర్చీలో వచ్చిన ఒక యువ శాస్త్రజ్ఞుడికి కిందికే ప్లేటు తెచ్చి ఇచ్చారు, చాలా మర్యాదగానే. ఆయన ఒక్కడే కూర్చుని తిన్నాడు. సదస్సుల్లో అసలు మాటలు నడిచేది భోజనాల దగ్గరే అని మనందరికీ తెలుసు. పాలు తాగే పిల్ల ఉన్న తల్లి రెండు రోజుల సదస్సుకు రావాలంటే ఒక గదీ, ఒక ఆయా కావాలి. ఇది పెద్ద ఖర్చు కాదు, శాలువాల ఖర్చులో సగం ఉండదు.

ఒకటి మాత్రం మర్యాదల జాబితాలో కలపకూడదు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ఉంది, ఆఫీసుల్లో అంతర్గత కమిటీలున్నాయి. సంఘం సదస్సుకు వేరే ఊరు వచ్చిన విద్యార్థినికి ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి? ఆమె కాలేజీకా, మీకా? అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ 2017లో వేధింపును డేటా కల్పనతో సమానంగా, శాస్త్ర దుష్ప్రవర్తనగా తన నియమాల్లో రాసుకుంది. సదస్సు కరపత్రం మీద ఒక కమిటీ పేరూ, ఒక ఫోన్ నంబరూ ఉండాలి. ఇందులో చర్చకేం లేదు.

ఇలా అందరినీ చేర్చుకుంటే ప్రమాణాలు పడిపోతాయని మీలో కొందరంటారు. పత్రం ఎంపికలో ఒక్క మెట్టు కూడా దించమని నేను అడగలేదు, గమనించండి. సభ్యత్వం వేరు, పత్రం వేరు. ఇప్పుడున్న సభ్యులందరి పత్రాలూ అచ్చవుతున్నాయా ఏమిటి? నేనడుగుతున్నది ఫీల్డ్ అసిస్టెంట్లకూ, గ్రామ వ్యవసాయ సహాయకులకూ, సాగుచేసే ఆడా మగా రైతులకూ తక్కువ రుసుంతో ఒక సభ్యత్వం. అందులో ఓటు ఉండాలి. ఓటు లేని సభ్యత్వం పన్నీరు చల్లే ఉద్యోగంతో సమానం. ప్రకృతి సాగులో మన రాష్ట్ర మహిళా రైతులు చేసిన పనికి 2024లో గుల్బెంకియన్ బహుమతిలో వాటా వచ్చింది, ఆ పని నడిపిన రైతు సాధికార సంస్థ గుంటూరులోనే ఉంది. ప్రకృతి సాగు మీద మీకు అభ్యంతరాలు ఉండొచ్చు, నాకూ కొన్ని ఉన్నాయి, మా మిర్చికి అది చాలదని నా అనుభవం. అయినా ఆ అభ్యంతరాలు వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాల్సినవి.

2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. బ్యానర్లు ఎటూ కడతారు. దానికి బదులు, లేదా దానితో పాటు, ఒక పని చేయండి. జనరల్ బాడీ సమావేశం నోటీసు పంపేటప్పుడు ఎజెండాలో సభ్యత్వ నిబంధనల సవరణ అని ఒక అంశం చేర్చండి. ఆ సమావేశం కాలేజీ ఆడిటోరియంలో కాకుండా లాంలోనో, దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలోనో పెట్టండి, మిర్చి కోతలు లేని నెలలో, పొద్దున పూట. కోతల్లో పెడితే నేను పిలుచుకురావాలనుకుంటున్న వాళ్లు కూలి పోగొట్టుకోవాలి. మా ఊరి నుంచి నలుగురు వస్తాం. పూలలో పురుగును ముందు చూసిన ఆవిడ కూడా వస్తానంది, ఆటో ఖర్చు ఎవరిస్తారని అడిగింది. నేనిస్తానన్నాను, కానీ అది మీరివ్వాలని నా ఉద్దేశం.

ఇట్లు,
ప్రత్తిపాడు మండలం నుంచి
ఒక మిర్చి రైతు, బాపట్ల పూర్వ విద్యార్థిని